పాత వరద వీడియోను పోల్చుకునే చిట్కా
కృష్ణకు నీరు పెరిగిందంటే చాలు, బెజవాడలో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వాగు వరద వీడియోలు "ఇప్పుడే" అన్న మాటతో మళ్లీ తిరుగుతాయి. అటువంటిది వచ్చినప్పుడు వీడియోను ఆపి, దుకాణం బోర్డో వంతెన పిట్టగోడో స్పష్టంగా కనిపించే చోట రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసి (వట్టి నీళ్లు కనిపించే ఫ్రేము పనికిరాదు), ఒక్కొక్కటిగా గూగుల్ లెన్స్‌లో (బొమ్మను బట్టి వెతికే సాధనం) వెతికి, ఫలితాలలో అన్నిటికన్నా పాత తేదీని చూడాలి. రెండు నిమిషాల పని. సందేశంలో ప్రకాశం బ్యారేజీ వద్ద నీటి ప్రవాహం అంకె ఉంటే, మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండవది 5.69 లక్షలకు జారీ చేస్తారు కాబట్టి ఈ అంకెలతో సరిపోల్చుకోవచ్చు. అయితే ఆ రోజే తీసిన వీడియో లెన్స్‌కు చాలావరకు దొరకదు. ఏమీ కనిపించనంత మాత్రాన అది కొత్తదని అనుకోకుండా, విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటన చూసేవరకు ఎవరికీ పంపకుండా ఆగాలి.