వానలో సంచి లోపల తడవకుండా

అక్టోబరులో బెంగళూరు నుంచి రాత్రి బస్సులో కుక్కే సుబ్రహ్మణ్య చేరి, జోరువానలో కుమార పర్వతం ఎక్కాం. ఎత్తు 1,712 మీటర్లు. వీపు సంచికి వాన తొడుగు ఉందన్న ధీమా నాది. గంటలోనే లోపలి పొడి చొక్కా పిండితే నీళ్లు!

తొడుగు చిరగలేదు. అది వీపు వైపు కప్పదు కదా. మెడ మీదుగా కారిన నీరు అటు నుంచే లోపలికి దిగింది.

తరువాతిసారి మా వీధి కిరాణా కొట్టులో చక్కెర బస్తా లోపలి పాలిథిన్ సంచి అడిగి తెచ్చాను. దాన్ని సంచిలో అస్తరులా పరిచి, బట్టలు కుక్కి, గాలి తీసి, మూతి మెలితిప్పి, రెండుగా మడిచి రబ్బరు బ్యాండు వేశాను. ఆరు గంటల వానలోనూ మేజోళ్లు పొడిగానే ఉన్నాయి. జలగల సంగతి వేరు, వాటికి ఇది పనిచేయదు.

ఆ పాలిథిన్ సంచిని ముందే కడిగి ఆరబెట్టండి. నేను కడగలేదు, బట్టలకు చీమలు పట్టాయి.