మా మూడేళ్ల పిల్ల పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచింది (నా అనుభవం)

శ్రీకాకుళంలో మా వీధిలో చిన్నపిల్లలున్నవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా. మా అమ్మాయి ఇంట్లో బుద్ధిగా బ్రష్ చేయించుకుంటుంది. తెల్లకోటు కనబడితే మాత్రం పెదాలు బిగించేస్తుంది.

చాక్లెట్ ఆశ, ఫోన్లో వీడియోలు, "నొప్పే ఉండదమ్మా" అన్న బుజ్జగింపు, ఏవీ పనిచేయలేదు. ఆఖరిదైతే అసలు లేని నొప్పిని గుర్తుచేసింది.

పనిచేసింది ఇది. రాత్రి బ్రష్ అయ్యాక నేను, మా ఆయన మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. పిల్ల నా ఒళ్లో నాకేసి తిరిగి, కాళ్లు నా నడుముకి అటూ ఇటూ వేసుకుని వెనక్కి వాలితే తల ఆయన ఒళ్లోకి వస్తుంది. ఆయన ఫోన్ టార్చి వేసి, చెంచా వెనకవైపుతో బుగ్గ కాస్త జరిపి, పళ్లు బయటికి వినబడేలా లెక్కపెట్టేవారు. పాలపళ్లు మొత్తం 20. ఇరవై అనగానే వదిలేయాలి, "ఇంకొక్కసారి" అనకూడదు. తర్వాత దాని వంతు, వాళ్ల నాన్న నోట్లోకి టార్చి.

ఇది అలవాటయ్యాకే ఏడు రోడ్ల కూడలి వైపున్న క్లినిక్‌కి ఫోన్ చేసి, "ఈసారి చూసి పంపేయండి చాలు" అని చెప్పాం. మధ్యాహ్నం నిద్ర టైం కాకుండా పొద్దుటే వెళ్లాం. డాక్టరమ్మ కుర్చీ ఎక్కించకుండా ఇంట్లోలాగే మోకాళ్ల మీద చూశారు. ఏడ్చింది, కానీ నోరు తెరిచే ఏడ్చింది.

అందరికీ కుదురుతుందనను. ఐదారేళ్ల పిల్లలు ఇలా ఒళ్లో పట్టరు. పన్ను నొప్పో వాపో ఉంటే ఈ ఆటలన్నీ మాని వెంటనే తీసుకెళ్లాల్సిందే. మరీ చిన్నవాళ్లనీ డాక్టర్లు ఇలాగే చూస్తారు, ఏడాది నిండేసరికే మొదటిసారి చూపించమంటారు.