లోతు నీళ్లు దాటిన లారీ ఇంజన్‌లో లోపాన్ని గుర్తించడం ఎలా?

లోతైన నీళ్లలో నడిచిన లారీ ఇంజన్ మొరాయించినప్పుడు, అది ఎప్పుడు మొరాయించిందో ముందుగా తేల్చుకోవాలి. నీళ్ల మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయిందా, గట్టెక్కాక తడబడుతోందా, కొన్నాళ్లు బాగానే తిరిగి ఆ తరువాత ఇబ్బంది పెడుతోందా అన్నదాన్ని బట్టి మనం వెతకవలసిన చోటు పూర్తిగా మారిపోతుంది. అందువల్ల పానా చేతబట్టే ముందు డ్రైవరుతో నింపాదిగా మాట్లాడాలి. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఇంజన్‌కు గాలి పీల్చే గొట్టం మునిగిందా, ఇంజన్ దడేలుమని ఒక్కసారిగా ఆగిందా, నీరసించి మెల్లగా ఆగిందా, ఆగిన తరువాత ఎవరైనా సెల్ఫ్ కొట్టారా అని అడగాలి. చివరి ప్రశ్నకు నిజమైన జవాబు రావడం అన్నిటికన్నా ముఖ్యం, తప్పు పట్టే గొంతుతో అడిగితే అది రాదు.

నీళ్లలోనే ఒక్కసారిగా ఆగిన ఇంజన్ అయితే, సిలిండర్లలోకి నీరు చేరిందనే అనుకోవాలి. చేరలేదని రూఢి అయ్యేదాకా సెల్ఫ్ కొట్టకూడదు, తోసి గానీ మరో బండితో లాగించి గానీ స్టార్టు చేయకూడదు. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. ఒక సిలిండర్ 1 లీటరుది, కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని పైన ఉండే చోటుకు, పైకి చేరాక మిగిలే చోటుకు ఉన్న నిష్పత్తి) 17:1 అనుకుంటే, పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే చోటు సుమారు 62 మిల్లీలీటర్లే. అంతకు మించి నీరుంటే పిస్టన్ మధ్యలోనే ఆగుతుంది, తిరుగుతున్న ఫ్లైవీలు మాత్రం ఆగదు, ఆ రెండింటి నడుమ చిక్కిన కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుతో కలిపే కడ్డీ) వంగిపోతుంది. పెట్రోలు ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి తక్కువ కాబట్టి ఈ చోటు కొంత ఎక్కువ ఉంటుంది, డీజిల్ లారీకి ఆ వెసులుబాటు లేదు. ఆగిన ఇంజన్‌ను సెల్ఫ్ మోటారుతో తిప్పినా రాడ్డు వంగే ప్రమాదం ఉంది. నీళ్లు గుంజుకుని ఆగిన ఇంజన్ బాగుపడే అవకాశం, ఆ తరువాతి పది నిమిషాల్లో సెల్ఫ్ జోలికి పోకుండా ఉండటం మీదే చాలావరకు ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

లారీని పొడినేల మీదకు లాగించి, బ్యాటరీ నెగటివ్ కేబులు ఊడదీసి, మొదట ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవాలి. లోపలి గోడ మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో, ఫిల్టర్ కాగితం వేలికి మెత్తగా, ముద్దగా తగులుతోందో లేదో చూడాలి. అసలు తీర్పు చెప్పేది మాత్రం ఫిల్టర్ దాటాక ఇంజన్ వైపు ఉండే గొట్టం. దానిలోకి పొడి గుడ్డ చుట్టిన కడ్డీని జొనిపి తీస్తే గుడ్డ పొడిగా వచ్చిందంటే, నీరు గాలి దారిన లోపలికి పోలేదని చాలావరకు నమ్మవచ్చు, అప్పుడు కరెంటు, ఇంధనం వైపు వెతకవచ్చు. గుడ్డ తడిసి వస్తే టర్బో గొట్టాలను, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను కూడా విప్పవలసిందే. ఇంటర్‌కూలర్ అడుగున నిలిచిన నీటిని చాలామంది మరచిపోతారు. సిలిండర్లను శుభ్రంగా ఖాళీ చేసినా, స్టార్టు చేసిన వెంటనే ఇంజన్ ఆ నీటిని పీల్చుకుంటుంది, చేసిన పనంతా వృథా అవుతుంది.

తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు గానీ, ఉంటే చలిలో స్టార్టుకు వేడినిచ్చే గ్లో ప్లగ్గులు గానీ అన్ని సిలిండర్లకూ విప్పాలి. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే) ఇంజన్లలో ఇంధన పీడనం 1000 బార్లకు పైగా ఉంటుంది కాబట్టి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, పీడనం దిగాకే పైపుల మీద చేయి వేయాలి. విప్పిన తరువాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా తగిలించి ఇంజన్‌ను చేతితో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం చేయకుండా అక్కడే ఆపి కారణం వెతకాలి. సాఫీగా తిరిగితే, ఇంధన సరఫరా ఆపి, బ్యాటరీ తిరిగి కలిపి, రంధ్రాలకు ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, సెల్ఫ్‌తో కొద్ది క్షణాలు తిప్పాలి. నీరు ఉంటే ధారలాగా ఎగజిమ్ముతుంది, ఏ రంధ్రం నుంచి ఎంత వచ్చిందో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే రాడ్డు వంగి ఉంటే ఆ సిలిండర్లలోనే వంగి ఉంటుంది. ఆ రోజే పని ముగియకపోతే ప్రతి సిలిండర్లోనూ కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి చేతితో తిప్పి ఉంచాలి, లేకపోతే సిలిండర్ గోడలకు తుప్పు పడుతుంది.

రాడ్డు వంగిందా లేదా అన్నది హెడ్డు (సిలిండర్ల పైమూత) దించకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. ఇంజెక్టర్ రంధ్రం నుంచి సూటిగా పిస్టన్‌ను తాకే వీలున్న ఇంజన్లలో, సన్నని కడ్డీని దించి, ప్రతి పిస్టన్ ఎంత పైకి వస్తోందో గుర్తు పెట్టి కొలవాలి. రాడ్డు వంగిన సిలిండర్లో పిస్టన్ మిగతావాటికన్నా దిగువనే ఆగుతుంది. కంప్రెషన్ గేజితో కొలిచినప్పుడు కూడా ఆ సిలిండరే వెనుకబడుతుంది, ఎంత తేడాను సహించవచ్చో మాన్యువల్‌లో చూడాలి. హెడ్డు దించవలసి వస్తే సిలిండర్ పై అంచున మసి పట్టీని చూడండి: పిస్టన్ పైదాకా రాని చోట అది మిగతా సిలిండర్లలో కన్నా వెడల్పుగా కనిపిస్తుంది.

స్టార్టు చేసే ముందు ఆయిల్ సంగతి తేలాలి. గేజి కడ్డీ మీద మట్టం పెరిగినా, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారినా నీరు కలిసినట్టే. అయితే రంగు మారలేదని ధీమా పడకూడదు. ఇంజన్ తిరగకుండా నిలబడి ఉంటే నీరు ఆయిల్‌తో కలవకుండా ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున విడిగా పేరుకుంటుంది. లారీని సమతలంలో నిలిపి, ఒకటి రెండు గంటల తరువాత డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేస్తే ముందు నీరే కారుతుంది. అలా కారితే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చి, కొద్దిసేపు నడిపాక మరోసారి మార్చాలి.

ఇక గట్టెక్కాక తడబడే ఇంజన్ సంగతి. ఫిల్టర్ తడిసి ఊపిరాడకపోతే బలం తగ్గి నల్లపొగ వస్తుంది. డీజిల్‌లో నీరు చేరితే ఇంజన్ ఎగుడుదిగుడుగా నడుస్తుంది. అప్పుడు నీరు వేరుచేసే ఫిల్టర్ అడుగు నుంచి కొంత డీజిల్‌ను గాజు సీసాలోకి తీసి నిలకడగా ఉంచితే, నీరు కిందికి దిగి రెంటి మధ్య గీత స్పష్టంగా కనబడుతుంది. ట్యాంకు గాలి గొట్టం మునిగి ఉంటే ఫిల్టర్ ఒక్కటి మార్చి ఊరుకోక ట్యాంకునూ ఖాళీ చేయాలి. సెన్సార్లున్న లారీకి స్కానర్ తగిలించినప్పుడు వచ్చే కోడ్‌లను తొందరపడి చెరిపేయకూడదు. పీ0335 క్రాంక్ సెన్సారు సర్క్యూట్ వైపు, పీ0101 గాలిని కొలిచే సెన్సారు వైపు చూపిస్తాయి. ఇలాంటి చోట సెన్సారు కొనే ముందు దాని కనెక్టర్ విప్పి తడి ఉందేమో చూడటం మంచిది. అదే పీ0301 వంటి మిస్‌ఫైర్ (ఒక సిలిండర్లో ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్ వస్తే, ఆ అంకె చెప్పే సిలిండర్ కంప్రెషన్ కొలవకుండా వైరింగ్‌ను నిందించకూడదు. తెల్లపొగ ఇంజన్ వేడెక్కగానే తగ్గిపోతే అది సైలెన్సర్‌లోని తడి. కళ్లు మండే డీజిల్ వాసనతో అలాగే కొనసాగితే ఏదో సిలిండర్లో ఇంధనం సరిగా మండటం లేదు.

కొన్నాళ్ల తరువాత తలెత్తే ఇబ్బందులకు సాధారణంగా బురద, తుప్పు కారణం. రేడియేటర్ రెక్కల మధ్య ఎండిన మట్టి వల్ల ఎక్కేచోట ఇంజన్ వేడెక్కుతుంది, ఆల్టర్నేటర్‌లో చేరిన ఇసుక బేరింగులను, బ్రష్‌లను అరగదీస్తుంది, కనెక్టర్ పిన్నుల మీద పచ్చని చిలుము పట్టి కోడ్‌లు వస్తూ పోతూ ఉంటాయి. వీటిని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాలే గానీ, పీడనంతో కొట్టే నీటి పంపును వాటి మీదకు తిప్పకూడదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది కొంచెమే వంగిన రాడ్డు. అది కొన్ని వారాల పాటు పెద్ద చప్పుడు లేకుండా పనిచేసి, బరువు మీద ఉన్నప్పుడు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. కాబట్టి గాలి గొట్టంలో తడి కనిపించిన ప్రతి ఇంజన్‌కూ, నీరు చిమ్మిన సిలిండర్ల కంప్రెషన్‌ను కొన్ని వారాలు నడిచాక మళ్లీ కొలిచి మొదటి కొలతతో సరిచూడాలి. తేడా పెరిగినా, కొత్తగా దడదడ శబ్దం మొదలైనా లారీని అక్కడే నిలిపి హెడ్డు, ఛాంబర్ దించాలి.