శాటిలైట్ టీవీ తాళాలు, 4వ పాఠం: కార్డు షేరింగ్‌లో బయటికి పోయేది ఏంటి?

ఈరోజు ఈఎంఎంల (ఎవరికి ఏ చందా ఉందో కార్డుకి చెప్పే సందేశాలు) గురించి చెప్పాలి, కానీ పోయినసారి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోయారు కాబట్టి ముందు అది చూద్దాం. చూస్తుండగా సెట్ టాప్ బాక్సులోంచి వ్యూయింగ్ కార్డు (వీసీ) పీకేస్తే బొమ్మ ఎప్పుడు ఆగుతుంది? దాదాపు అందరూ "వెంటనే" అన్నారు.

బాక్సు సాఫ్ట్‌వేర్ కావాలని ఆపితే తప్ప వెంటనే ఆగదండీ. బొమ్మని విప్పేది కార్డు కాదు, బాక్సులోని చిప్పు. కార్డు పనల్లా ఛానల్‌తో పాటు వచ్చే ఈసీఎం (కీని దాచి తెచ్చే సందేశం) తీసుకుని, చందా ఉందో లేదో చూసి, అందులోంచి కంట్రోల్ వర్డ్, అంటే బొమ్మని విప్పే కీ, తీసి చిప్పుకివ్వడం. ఆ కీ సుమారు 10 సెకన్లకోసారి మారుతుంది, సరి-బేసి అని రెండు స్లాట్లుంటాయి, ఒకటి వాడుతుండగానే తర్వాతది రెండోదాంట్లో వచ్చి కూర్చుంటుంది. ఆ ఉన్న కీలు అయిపోయేదాకా బొమ్మ నడుస్తుంది.

ఒకే ఛానల్ చూసేవాళ్ళందరికీ ఆ క్షణంలో కంట్రోల్ వర్డ్ ఒక్కటే. చందా ఉన్న ఒక్క కార్డు తీసిన కీని నెట్‌లో పంచేస్తే అదే కార్డు షేరింగ్. సర్వర్ ఎలా పెట్టాలని మాత్రం అడక్కండి, అది దొంగతనం, నేను చెప్పను.

దయచేసి "ఎన్‌క్రిప్షన్ క్రాక్ చేశారు" అని రాయడం మానేయండి. ఇక్కడ ఎవరూ ఏమీ బద్దలుకొట్టలేదు! 1994 నాటి డీవీబీ-సీఎస్ఏలో (బొమ్మకి తాళం వేసే పద్ధతి) కీ 64 బిట్లు, 2 బైట్లు చెక్‌సమ్‌కే (తప్పు పట్టే లెక్కకే) పోతాయి కాబట్టి అసలు బలం 48 బిట్లే, నిజమే, కానీ షేరింగ్‌కి ఆ బలహీనత అక్కర్లేదు. దాని తర్వాతి రకం సీఎస్ఏ3లో 128 బిట్లున్నా, కార్డు నుంచి కీ తాళం లేకుండా అలాగే బయటికొస్తే అదే కథ. కీ మారే 10 సెకన్లని 5 చేసినా అంతే, నెట్ స్లోగా ఉన్నవాడికి బొమ్మ ఆగి ఆగి వస్తుంది, చందా కట్టినవాళ్ళ కార్డులకీ పని పెరుగుతుంది.

నిజంగా పనిచేసేది పెయిరింగ్. కార్డు ఆ కీని మీ బాక్సు చిప్పు మాత్రమే విప్పగలిగేలా మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తుంది, ఇంకో ఇంటికి పంపినా చెత్తే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 రూల్స్‌లో కూడా బాక్సునీ వీసీ కార్డునీ హెడ్‌ఎండ్ (ఆపరేటర్ ఛానళ్ళు పంపే కేంద్రం) నుంచే జత చేయాలని ఉంది. మ్యాచ్ మధ్యలో తెరమీద మెరిసే నంబరు వేరే సంగతి, అది బొమ్మని రికార్డు చేసి పంచేవాళ్ళని పట్టుకోడానికి.

ప్రాక్టీసు, కాగితం మీద: కీ 0, 10, 20, 30వ సెకన్లలో అలా మారుతుంది, ప్రతి కొత్త కీ 5 సెకన్ల ముందే చిప్పుకి చేరుతుంది. 23వ సెకనులో కార్డు పీకితే బొమ్మ ఎప్పుడు ఆగుతుంది? 27లో పీకితే? రెండు జవాబులూ ఒకటే వస్తే స్లాట్ల ముక్క మళ్ళీ చదివి అప్పుడు పంపండి.