పాత కారు లాగడం లేదా? పవర్ ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద ఏ కారైనా పరిగెడుతుంది. పికప్ సంగతి దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. అప్పుడే చాలామందికి సౌండు సైలెన్సరు, పెట్రోల్లో పోసే మందు సీసాలు గుర్తొస్తాయి. వాటి జోలికి పోకండి. కారు కొత్తలో ఉన్న పవర్ వెనక్కి వస్తే ఘాట్‌కి అది చాలు.

ఇంజన్ అరుస్తుంది, కారు కదలదు

క్లచ్ జారుతోంది, అంటే ఇంజన్ బలం చక్రాల దాకా అందడం లేదు. ఖాళీ చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, టాప్ గేర్ వేసి, కొంచెం రేస్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒక్కసారే, లేకపోతే ఉన్న క్లచ్ ప్లేటూ కాలిపోతుంది. ముందుగా క్లచ్ కేబుల్ బిగువు చూపించండి. మార్చాల్సి వస్తే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి మార్పించండి. ఎలాగూ గేర్‌బాక్స్ దించాల్సిందే, కూలీ ఒక్కటే.

ఎక్సలేటర్ వదలగానే కారు ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోతుంది

టైర్లలో గాలి చూడండి. తర్వాత బ్రేకులు పెద్దగా వాడకుండా కాస్త దూరం నడిపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ఒక్క చక్రమే వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేసింది.

ఎంత తొక్కినా స్పీడ్ అందుకోదు

మన దగ్గర మొదటి అనుమానం ఎయిర్ ఫిల్టరే. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే కారుకు, మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగడం కుదరదు. ఇంజెక్షన్ కార్లలో (పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్మేవి) ఫిల్టర్ మూసుకున్నా మైలేజీ పెద్దగా తగ్గదు, అందుకే అనుమానం రాదు. పికప్ మాత్రం చచ్చిపోతుంది. ఫిల్టర్ తీసి ఎండకు ఎదురుగా పట్టుకోండి. మడతల్లోంచి వెలుతురు రాకపోతే కొత్తది వేయండి. గాలి కొట్టించేవాళ్లు లోపలి వైపు నుంచి, మెల్లగా కొట్టించాలి. గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. ఫిల్టర్ తీసేసి నడిపితే బాగా లాగుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ రాతి దుమ్ము సిలిండర్ గోడల్ని గీకేస్తుంది, వినొద్దు.

కుదుపులు, మిస్సింగ్

స్పార్క్ ప్లగ్గులు విప్పి మొన చూడండి. లేత గోధుమరంగు ఉంటే మంచిదే. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా గాలి తక్కువ అందుతోంది. నూనె తడి ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోంది, ప్లగ్ మార్చినా మళ్లీ అదే కథ. ప్లగ్గులు బాగున్నా ఎత్తులో తొక్కినప్పుడే దమ్ము పోతుంటే ఫ్యూయెల్ ఫిల్టర్, పంపు చూపించండి.

ఏం మార్చినా తేడా లేదు

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో, చెక్ చేయించండి. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరగకపోతే చాలావరకు వాల్వుల్లో. రింగులైతే ఇంజన్ విప్పడానికి ఒప్పుకునే ముందు, కారు ఇప్పుడు అమ్మితే ఎంతకు పోతుందో కనుక్కోండి.