వినైల్ కటింగ్: కట్ బటన్ నొక్కే ముందు చూస్కోవాల్సినవి

వినైల్ కట్టర్, అంటే స్టిక్కర్ షీట్‌ని కత్తితో అక్షరాలుగా, బొమ్మలుగా కోసే మెషిన్ కొన్న కొత్తలో అందరం చేసేది ఒకటే, వాట్సాప్‌లో వచ్చిన లోగో జేపెగ్‌ని ఓపెన్ చేసి కట్ కొట్టేయడం, అంచులన్నీ ఎలక కొరికినట్టు వస్తే మెషిన్‌ని తిట్టుకోవడం. నేనూ బాగానే తిట్టా. తర్వాత అర్థమైందేంటంటే మెషిన్ తప్పు చాలా తక్కువ, ఎక్కువ శాతం తప్పు ఫైల్‌లో ఉంటది, మిగిలింది బ్లేడ్ ఎంత బయటికి పెట్టామన్న దాంట్లో ఉంటది. (ఈ పనిని చాలామంది రేడియం కటింగ్ అనే అంటారు, అందులో రేడియం ఏమీ ఉండదు, మామూలు పీవీసీ షీటే.)

కట్టర్‌కి రంగు కనపడదు, ఫోటో కనపడదు. దానికి తెలిసింది గీత ఒక్కటే, గీత ఎటు పోతే కత్తి అటు పోద్ది. అందుకే వెక్టర్ ఫైల్, అంటే ఫోటోలా చుక్కలతో కాకుండా గీతలతో తయారైన ఫైల్ కావాలి, అందులోనూ టెక్స్ట్ మొత్తం కర్వ్స్ (ఫాంట్ కాదు, ఒట్టి గీతలు) అయిపోయి ఉండాలి. దానికి మీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని బట్టి కోరెల్‌లో కంట్రోల్ క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్. ఇక స్ట్రోక్ (గీతకి ఇచ్చే మందం) సంగతి, స్క్రీన్ మీద 3 మిల్లీమీటర్ల మందంతో గీత కనిపిస్తుంది కానీ కత్తి మాత్రం దాని నడిమధ్య నుంచి ఒక్కసారి గీసేసి పోద్ది, మీకు పట్టీ రాదు, ఒట్టి చీలిక వస్తది. కాబట్టి స్ట్రోక్స్‌ని కూడా పాత్‌గా, అంటే చుట్టూ అంచు గీత ఉండే షేప్‌గా మార్చాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కిన షేపుల్ని వెల్డ్ చెయ్యాలి, అంటే ఒకే షేప్‌గా కలిపెయ్యాలి, లేదంటే కలిసిన చోటల్లా అడ్డంగా కోసేస్తది.

ఇవన్నీ సరిగ్గా అయ్యాయో లేదో చూడ్డానికి వైర్‌ఫ్రేమ్ వ్యూలోకి వెళ్ళండి, కొన్నిట్లో దాన్నే అవుట్‌లైన్ వ్యూ అంటారు. రంగులన్నీ పోయి గీతలు మాత్రమే మిగుల్తాయి, అక్కడ ఎన్ని గీతలుంటే కత్తి అన్నిసార్లు దిగుద్ది. ఇది చూడకుండా నేను ఏ ఫైలూ పంపను.

తెలుగు అక్షరాలతో పని ఇంకొంచెం ఎక్కువ. పాత నాన్-యూనికోడ్ ఫాంట్లలో అక్షరం ఒక్క ముక్క కాదు, గుడింతం ఒక ముక్క, వత్తు ఒక ముక్క, తలకట్టు ఇంకో ముక్కగా అతికించి ఉంటాయి, కర్వ్స్ చేశాక చూస్తే ఒకదాంట్లోకి ఒకటి దూరి ఉంటాయి, వెల్డ్ చెయ్యకపోతే అక్షరం ముక్కలుముక్కలుగా ఊడొస్తది. యూనికోడ్ ఫాంట్లలో ఈ బాధ తక్కువే కానీ దగ్గరదగ్గరగా పెట్టిన వత్తులు పక్క అక్షరం కొమ్ముకి తగుల్తుంటాయి, చూస్కోవాలి. ఇంకోటి, ప, ష, స, హ ఇవన్నీ తలకట్టు విడిగా ఉండే అక్షరాలు. చిన్న సైజులో కోస్తే ఆ తలకట్టు చిన్న నలక అంత ఉంటది, చెత్త వినైల్ లాగేటప్పుడు దాంతోపాటే వెళ్ళిపోద్ది. ఠలో చుక్కదీ అదే గతి. ఒకసారి పెద్ద బోర్డు మొత్తం అతికించేశాక చూస్తే ఒక స మీద తలకట్టు లేదు, మిగిలిన ముక్కలోంచి చేత్తో కోసి అతికించా. అందుకే అక్షరం ఒంటి ఎత్తు 15 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే సన్న ఫాంట్ వద్దంటాను, లావు ఫాంట్ పెట్టుకోమంటాను.

లోగో ఫోటోగానే ఉందంటే ట్రేస్ చెయ్యొచ్చు (సాఫ్ట్‌వేరే ఫోటోని గీతలుగా మారుస్తది), కానీ ట్రేస్ ఇచ్చే గీతల్లో నోడ్‌లు, అంటే గీతని పట్టి ఉంచే చుక్కలు, చీమల బారులా ఉంటాయి, ఒక్కో నోడ్ దగ్గరా కత్తి కొద్దిగా వణుకుద్ది, గుండ్రంగా ఉండాల్సింది గతుకుల రోడ్డులా వస్తది. నా లెక్కలో సింపుల్ లోగో అయితే దాని మీదే కొత్తగా గీసేస్కోవడం త్వరగా తేల్తది. ట్రేసే చేస్తే నోడ్‌లు తగ్గించండి. అద్దానికి లోపలి నుంచి అతికించేదైతే, లేదా టీషర్ట్ మీద వేడితో అతికించే హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్ అయితే మిర్రర్ కొట్టడం (డిజైన్‌ని అద్దంలో కనిపించినట్టు తిప్పడం) మర్చిపోకండి, మర్చిపోతే ఆ షీట్ చెత్తబుట్టలోకే.

వినైల్ ఎంచుకోవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. చదునైన బోర్డుకీ అద్దానికీ క్యాలెండర్డ్ (రోలర్ల మధ్య నొక్కి చేసిన రకం) చాలు, వాహనం మీద వంపులూ రివెట్లూ ఉంటే కాస్ట్ (ద్రవంగా పోసి చేసిన పల్చటి రకం) తీస్కోండి, క్యాలెండర్డ్ కొన్నాళ్ళకి ముడుచుకుని అంచులు లేస్తది. గోడ మీద తర్వాత పీకెయ్యాల్సినవైతే రిమూవబుల్ జిగురుది.

ఇప్పుడు అసలు గొడవ, బ్లేడ్. మామూలు వినైల్ మందం 50 నుంచి 80 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా లేదు. కత్తి మొన హోల్డర్ నుంచి బయటికి కనపడీ కనపడనట్టు ఉంటే చాలు, కొత్తవాళ్ళు పంది కోరంత బయటికి లాగి పెడతారు, అది వినైల్‌నీ కింద పేపర్‌నీ కోసి మెషిన్‌లో ఉండే తెల్ల కటింగ్ స్ట్రిప్‌ని కూడా గాడి పెట్టేస్తది, ఇక ఆ గాడి ఉన్నచోటల్లా కట్ సరిగ్గా పడదు. హోల్డర్‌ని చేత్తో పట్టుకుని వినైల్ ముక్క మీద గట్టిగా ఒక గీత లాగి చూడండి, వినైల్ తెగాలి, వెనక పేపర్ మీద సన్న గీటు మాత్రమే పడాలి. వెనక్కి తిప్పితే ఏమీ కనపడకూడదు. మామూలు పనికి 45 డిగ్రీల బ్లేడ్, రిఫ్లెక్టివ్ (వెలుతురు పడితే మెరిసేది) లాంటి మందపాటి వాటికి 60. ఫోర్స్, అంటే కత్తి నొక్కే బలం, 80 గ్రాముల దగ్గర మొదలుపెట్టి పదేసి గ్రాములు పెంచుకుంటూ పోండి, ఒకేసారి 150 పెట్టకండి.

ప్రతి కొత్త రోల్‌కీ టెస్ట్ కట్ వెయ్యాలి, ఒక చిన్న చదరం చాలు. దాని మూలలు గుండ్రంగా వస్తుంటే బ్లేడ్ ఆఫ్‌సెట్ (కత్తి మొన దాని తిరిగే మధ్య నుంచి ఎంత పక్కకి ఉందో మెషిన్‌కి చెప్పే దూరం) తక్కువైందని, మూలల దగ్గర చిన్న చెవులు మొలుస్తుంటే ఎక్కువైందని. సాధారణంగా 0.25 మిల్లీమీటర్లతో మొదలుపెడ్తే సరిపోద్ది. మొదలుపెట్టిన చోటూ ముగిసిన చోటూ కలవట్లేదంటే ఓవర్‌కట్ (మొదలుపెట్టిన చోటు దాటి ఇంకాస్త కోయడం) కొద్దిగా ఇవ్వండి. హఠాత్తుగా కటింగ్ పాడైతే బ్లేడ్ మార్చే ముందు హోల్డర్ విప్పి చూడండి, చాలాసార్లు లోపల చిన్న వినైల్ పీలిక ఇరుక్కుని ఉంటది.

షీట్ పెట్టేటప్పుడు పించ్ రోలర్లు (షీట్‌ని పై నుంచి నొక్కి పట్టే చిన్న చక్రాలు) కింద గరుకు రోలర్ల మీదే కూర్చోవాలి, పొడవు పని అయితే కావాల్సినంత వినైల్ ముందే రోల్ నుంచి లాగి వదులుగా వదిలెయ్యండి, మెషిన్ తనే బరువు రోల్‌ని లాక్కోవాలంటే సగంలో పక్కకి జరుగుద్ది.

కట్ అయ్యాక వీడింగ్, అంటే అక్కర్లేని వినైల్ పీకెయ్యడం. రేపు చేద్దాంలే అనుకుంటే జిగురు మళ్ళీ కలిసిపోద్ది, అదే రోజు చేసెయ్యండి. పైకి లాగకండి, షీట్‌ని తనమీదకే మడిచినట్టు వెనక్కి పడుకోబెట్టి మెల్లగా లాగండి. పెద్ద డిజైన్ అయితే ఫైల్‌లోనే మధ్యమధ్యలో అడ్డ గీతలు పెట్టుకుంటే చెత్త వినైల్ ముక్కలుగా వస్తది, ఒకదానికొకటి అంటుకుని ప్రాణం తీయదు.

తర్వాత ట్రాన్స్‌ఫర్ టేప్, అంటే అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి అతికించడానికి పైన వేసే టేప్, వేసి స్క్వీజీతో (చదును పట్టీ పనిముట్టు) మధ్య నుంచి అంచులకి రుద్దండి. బోల్తా తిప్పి పేపర్‌ని వినైల్ నుంచి లాగండి, టేప్‌ని లేపకండి. అతికించే చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పెద్ద ముక్కలకి నీళ్ళలో ఒకట్రెండు చుక్కల సబ్బు కలిపి స్ప్రే చేస్తే సర్దుకోవడానికి టైం దొరుకుద్ది, చిన్న అక్షరాలకి మాత్రం పొడిగానే చెయ్యండి. తడిపి అతికించినప్పుడు పేపర్‌తో చేసిన ట్రాన్స్‌ఫర్ టేప్ వాడండి, నీళ్ళన్నీ స్క్వీజీతో తోసేసి కాసేపు ఆగి, జిగురు పట్టిందనిపించాక ఒక మూల లేపి చూడండి, టేప్‌తో పాటు వినైల్ లేస్తుంటే మళ్ళీ నొక్కేసి ఇంకొంచెంసేపు ఆగండి.