వానలు పడినాయి, ఆకుకూర పెరకబొయ్యే ముందు ఇది చదవండి

మొన్న మా పక్కూర్లో ఒకే ఇంట్లో నలుగురు ఆస్పత్రి పాలైనారు. చెంచలాకు పప్పు తిన్నారంతే. ఆకు మంచిదే, వాళ్లమ్మ నలభై ఏండ్లుగా పెరుకుతున్న ఆకే, కానీ పెరికింది పత్తిచేను గెనెం (గట్టు) మీద, ముందురోజే ఆ చేనుకి పురుగుమందు కొట్టినారని ఆమెకి తెలీదు.

పాములు, తేళ్ల గురించి నేను చెప్పేది ఏం లేదు, అది మనకి చిన్నప్పటినుంచి తెలుసు. తెలీంది ఈ మందుల సంగతే. మన పెద్దోళ్లు గురుగాకు, దొగ్గలాకు, కాసరకాయలు యాడ కనపడితే ఆడ కోసుకున్నారు, అప్పుడు చేన్లకి ఇన్ని మందుల్లేవు. ఇప్పుడు ఆదోని వైపు పత్తి చూడండి, మా వైపు టమాటా చూడండి, పంపు భుజానికి ఎక్కని వారముండదు. అందుకే మందు కొట్టినారా అని అడక్కుండా ఒక్క ఆకు కూడా తుంచొద్దు.

ఉప్పునీళ్లలో కడిగితే పోతుందంటారు. పోదు. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ఆకు పైనే ఉండిపోయేవి కావు, వాటిని మొక్క లోపలికి గుంజుకుంటుంది, కడిగినా ఉడకబెట్టినా నమ్మేదానికి లేదు. కూరగాయల మీద దాన్ని వాడకూడదని 2005లోనే ఆర్డర్ వచ్చింది, అట్లాంటిది పత్తి మీద కొడితే గెనెం మీదున్న ఆకు మీద పడకుండా ఉంటుందా?

గడ్డిమందు ఇంకో మోసం. గ్లైఫోసేట్ కొట్టినాక కూడా రెండు మూడు దినాలు కలుపు పచ్చగా నిగనిగలాడతానే ఉంటుంది, చూసి కనుక్కోలేరు. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందుకైతే విరుగుడే లేదు. కాబట్టి మళ్లీ చెప్తున్నా, ఆసామిని అడగండి, "అన్నా, ఏం మందు కొట్టినావు, ఎన్ని దినాలైంది" అని. ఆసామి కనపడకపోతే వట్టి సంచితోనే ఇంటికి రాండి.

ఇంక మిగతావి.

ఆకు పెరికేదానికి మంచి తావులు బీడు, గుట్ట, మీ సొంత పెరడు, అంతే. మురుగు కాలవ పక్క వద్దు.

లేత ఉమ్మెత్త తోటకూరలో కలిసిపోతుంది, సంచిలో వేసేముందే ఒక్కో మొక్క చూడండి, ఇంటికాడ చీకట్లో ఏరొద్దు.

పిల్లోళ్లని ఒంటరిగా పంపొద్దు. అడవాముదం గింజలు పల్లీల్లా ఉంటాయని తినేస్తారు.

పుట్టగొడుగులు తెలిసినోళ్లు లేకుండా ముట్టుకోవద్దు. కొన్ని తిన్న పది గంటలకి వాంతులు మొదలైతాయి, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, లోపల లివర్ పోతా ఉంటుంది. తగ్గింది కదా అని ఇంట్లో కూచోవద్దు.

అడక్కుండా కోయొద్దు. బంధువుల చేనైనా సరే అడగండి.

తిన్నాక చొంగ కారినా, చెమటలు పట్టినా, కండలు అదిరినా, చూపు మసకైనా వెంటనే 108. చింతపండు నీళ్లు తాగించొద్దు, బలవంతంగా కక్కించొద్దు. వండిన గిన్నె కడగొద్దు. మిగిలిన ఆకు, ఆ చేన్లో కొట్టిన మందు డబ్బా రెండూ ఆస్పత్రికి తీస్కపోండి, మందు పేరు తెలిస్తే డాక్టరుకి ఏం ఇంజెక్షన్ ఇయ్యాలో తేల్చుకునేదానికి టైము మిగుల్తుంది.